పార్కు వాచ్‌మేన్ గారి అమ్మ పుట్టిల్లు

మొన్న ఒక పెళ్ళి భోజనాల దగ్గర కొత్తకోడలు ఒకమ్మాయి, నిండు పంక్తి మధ్యలోంచి నడిచి వెళ్ళి, "మావయ్యగారూ, వాష్‌రూమ్ ఎటండీ?" అని అడిగింది. ఆ మావగారి చేతిలో గోంగూర పచ్చడి గరిటె ఉంది. ఆయన ఆ గరిటెతోనే దారి చూపించి, "ఎడం పక్కకి తల్లీ. లైటు స్విచ్చి బయట ఉంటాది," అన్నారు. అంతే. పంక్తిలో ఒక్క తల తిరగలేదు. నా తల ఒక్కటే తిరిగింది. తిరిగి, చాలా దూరం వెళ్ళిపోయింది.

మా ఊరు కొత్తపేట దగ్గర. అక్కణ్ణుంచి టౌనుకి బస్సులో గంటన్నర. టౌనులో బస్సులాగే చోటికి ఎదురుగా, కాలవ గట్టున ఒక పార్కుండేది. పొగడచెట్లు, నాలుగు కొబ్బరిచెట్లు, నీళ్ళు రాని ఫౌంటెను, ఒక కాలు విరిగిన సిమెంటు జింక, మధ్యలో రేడియో మండపం. మధ్యాహ్నం పూట ఆ పార్కు నిద్రలో ఉన్నట్టుండేది. కాలవలో కొబ్బరికాయల పడవ వెళ్తుంటే పడవ కదులుతున్నట్టుండేది కాదు, గట్టే మెల్లగా వెనక్కి జరుగుతున్నట్టుండేది. పొగడపూలు రాలుతున్న చప్పుడు వినిపించేదని నేనంటే అమ్మ నమ్మేది కాదు. నేను మాత్రం విన్నాను.

ఆ పార్కులో మరుగుదొడ్లకి ఒక చరిత్ర ఉంది. పెద్దవాళ్ళు చెప్పగా విన్నది కొంత, నేను చూసింది కొంత. మొదట తాటాకు తడికలుండేవట. ఏటా గాలివానకి అవి లేచిపోయి కాలవలో తేలుతూ ఎటో వెళ్ళిపోయేవట. తర్వాత రేకులు కట్టేరు. ఆ రేకులు ఒక్కొక్కటే చుట్టుపక్కల పశువుల పాకల మీదికి చేరుకున్నాయి. మూడోసారి ఇటుకలతో కట్టి, పసుపు రంగు సున్నం వేసి, ఒక వాకిలి మీద 'పురుషులు' అనీ, రెండో వాకిలి మీద 'స్త్రీలు' అనీ రాయించేరు. స్త్రీల పక్కన పెయింటరు ముచ్చటపడి ఒక తామరపువ్వు కూడా వేశాడు. రిబ్బను కత్తిరించాక లోపలికి మొదట ఎవరు వెళ్ళాలన్న ప్రశ్న వచ్చిందట. "తమరు పదండి." "అబ్బే, పెద్దవారు, తమరుండగా నేనా?" ఇలా మర్యాదలు జరిగి జరిగి చివరికి అందరూ కాఫీ తాగి ఇళ్ళకి వెళ్ళిపోయేరట.

పురుషుల వైపు తలుపు మొదటి ఏడాదే ఊడిపోయింది. దానివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. స్త్రీల వైపు తలుపు మాత్రం కొత్తగానే ఉండేది, ఎందుకంటే దానికెప్పుడూ తాళం. లోపల గడ్డి కోసే మిషను, జెండా పండక్కి వేసే కుర్చీలు భద్రంగా ఉండేవి. తాళంచెవి పార్కు వాచ్‌మేన్ గారి మొలతాడుకి ఉండేది. అడిగితే ఇస్తారు. అడిగినవాళ్ళెవరూ లేరు.

ఆ వేసవిలో మా పిన్ని మా ఇంట్లో ఉంది. పిన్నికి పెళ్ళై మూడేళ్ళు. బాబాయిది అల్లవరం దగ్గర ఒక ఊరు, ఆ పక్కనే బళ్ళో మాస్టారు. అంతకుముందు ఒకసారి పిన్నికి కడుపు నిలవలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. అంత జాగ్రత్తగా మాట్లాడకపోవడం వల్లే నాకు తెలిసింది. అందుకని ఈసారి అమ్మమ్మ ఐదో నెలలోనే పిన్నిని తీసుకొచ్చేసి, టౌనులో లేడీ డాక్టరుగారికి చూపించడం మొదలుపెట్టింది. గురువారం గురువారం వెళ్ళాలి. తోడు నేను. ఇంట్లో ఉండి నేను చేసే ఉపకారం కంటే బయట ఉండి చేసే ఉపకారమే ఎక్కువని ఇంట్లో అందరికీ ఏకాభిప్రాయం.

పొద్దున్న ఏడింటికి బస్సెక్కితే, పదకొండుకి డాక్టరుగారు చూసేవారు. మళ్ళీ మా ఊరి బస్సు మూడున్నరకి. ఈ మధ్యలో ఆడవాళ్ళకి పార్కే గతి. డాక్టరుగారి క్లినిక్కు ఒక అద్దె ఇంటి వరండా. ఇంటివారి దొడ్డి ఇంటివారిదే. కాబట్టి పిన్ని ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు మానేసేది. బస్సులో పెదాలు తడుపుకునేది, అంతే. పిన్నే కాదు, టౌనుకి వెళ్ళే ఆడవాళ్ళందరూ అంతే. దాన్నెవరూ బాధ అనేవారు కాదు. ప్రయాణం అనేవారు.

పొగడచెట్టు కింద బెంచీ మీద కేరేజీ విప్పేవాళ్ళం. అందులో పొట్టిక్కలు. పనసాకుల బుట్టల్లో ఉడికిన ఆ ఇడ్లీ వేడిగా ఉన్నప్పటికంటే, మధ్యాహ్నానికి చల్లారి ఆకు వాసన లోపలికంటా ఇంకినప్పుడే బాగుంటుంది. కొబ్బరి పచ్చడి ఉప్పగా ఉంటుందని, ఉప్పగా ఉంటే దాహం వేస్తుందని, పిన్ని పచ్చడి ముట్టుకునేది కాదు. ఆ పచ్చడి నేను తినేసేదాన్ని. పిన్ని త్యాగం వెనక కారణం నాకు తెలుసు. తెలిసి కూడా బాగానే తిన్నాను.

రెండో గురువారం పిన్ని ఆగలేకపోయింది. మొహం పాలిపోయి, నా చెవి దగ్గర నోరు పెట్టి, "వాచ్‌మేన్ గార్ని తాళం అడుగు. నీకే అని చెప్పు," అంది.

వాచ్‌మేన్ గారు నలభై ఏళ్ళ మనిషి. ఖాకీ చొక్కా, తెల్ల పంచె, నిమ్మకాయలు నిలబెట్టగల మీసం, దాని కింద ఎంతో మెత్తటి గొంతు. నేను వెళ్ళి, "తాళం కావాలండి," అన్నాను.

"ఎవరికమ్మా?"

"నాకేనండి."

"నీకు తాళం ఎందుకు తల్లీ, ఆ గోడ పక్కకెళ్ళు. నేనిటు తిరుగుతాను."

ఇంత దయగల మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. "మా పిన్నికండి," అన్నాను.

ఇక మా వైపు మనుషుల సంగతి చెప్పాలి. మా వైపు అవతలివాళ్ళు ఎవరి తాలూకో తేలకుండా ఎవరూ ఎవరికీ ఏ సాయమూ చెయ్యరు. తేలాక ఏ సాయమైనా చేస్తారు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, "ఏ ఊరమ్మా మీది? ఎవరి తాలూకా?" అన్నారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. మా వంశం పొల్లుపోకుండా చెప్పగలనని ఇంట్లో పేరు. అడిగిందే తడవుగా తాతగారి దగ్గర మొదలుపెట్టి, అమ్మ, పిన్ని, బాబాయి, బాబాయి ఊరు, వాళ్ళ ఇల్లు ఊళ్ళో ఏ పేటలో, వాకిట్లో ఏ చెట్టు అన్నీ అప్పజెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆయనదీ ఆ ఊరే. ఆ పేటే.

చేతులు జోడించుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చేశారు. "నమస్కారమమ్మా. మీరు మా తమ్ముడి తాలూకా అండీ? ఆడు నా చేతుల్లో పెరిగేడండి. నాకు సొంత తమ్ముడి కంటే ఎక్కువండి."

పిన్ని చటుక్కున లేచి నిలబడింది. చెంగు తల మీదికి లాక్కుంది. భర్తకి అన్న అంటే బావగారు. మా ఇళ్ళల్లో కోడళ్ళు బావగారి ఎదుట కూర్చోరు, ఎదురుపడి మాట్లాడరు. బైబిల్లో ఇది ఎక్కడా లేదు గాని, బైబిల్లో ఉన్న చాలా వాటి కంటే గట్టిగా పాటించేవారు.

"పిల్ల తాళం అడిగిందండి..." అన్నారాయన.

"అబ్బే, ఏం అక్కర్లేదండి," అంది పిన్ని నేలవైపు చూస్తూ.

"పరవాలేదమ్మా, తీసుకోండి."

"వద్దండి. పిల్లకి తోచక అడిగింది."

అప్పుడాయన బావగారు చెయ్యవలసిన పని చేశారు. కొబ్బరిచెట్టు నుంచి రెండు బొండాలు దింపించి, కొట్టి, పిన్ని ఎదురుగా నిలబడి, "తాగండమ్మా. వొట్టి మనిషి కూడా కాదు. వద్దంటే తమ్ముడు నన్ను అడుగుతాడు," అన్నారు. బావగారు ఇచ్చింది కాదనకూడదు. పిన్ని రెండూ తాగింది. మూడున్నర బస్సు ఆ రోజు నాలుగుంపావుకి వచ్చింది. గతుకుల రోడ్డు మీద పిన్ని నా చెయ్యి పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత రెండు వారాలు అదే వరస. తామరపువ్వు తలుపు మాకు పదడుగుల దూరంలో ఉండేది. దానికీ మాకూ మధ్య నేను సృష్టించిన బావగారు నిలబడి, తమ్ముడి క్షేమం అడుగుతూ, బొండాలు కొడుతూ ఉండేవారు. పిన్ని అరగంటసేపు నిలబడే ఉండేది.

నాలుగో గురువారం డాక్టరుగారు పిన్ని కళ్ళు చూసి, నాలుక చూసి, "నీళ్ళు తాగుతున్నావా అమ్మా?" అని అడిగారు.

"తాగుతానండి. ఇంట్లో ఉంటే తాగుతానండి."

"లోపలున్న బిడ్డకి ఇల్లేదో బజారేదో తెలీదమ్మా."

ఆ రాత్రికే పిన్నికి చలిజ్వరం వచ్చింది. మూడు రోజులు బార్లీ నీళ్ళు, మాత్రలు, కాళ్ళ దగ్గర కూర్చుని అమ్మ చేసే ప్రార్థన. నాన్న టౌనుకి వెళ్ళి డాక్టరుగారిని కలిసి వచ్చేరు. బిగబట్టుకోవడం వల్లే ఆ జ్వరమట. ఇంకోసారి వస్తే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చట. వస్తే బిడ్డ దక్కడం కష్టమట. వంటింట్లో ఈ మాటలు గుసగుసగా చెప్పుకున్నారు. నేను గుమ్మం పక్కన చింతపండు బుట్ట దగ్గర కూర్చుని విన్నాను. ఈసారి కూడా నిలవకపోతే, దానికి కారణం నేను బాబాయి వాకిట్లో చెట్టు పేరు కూడా చెప్పడమే అని నాకు స్పష్టంగా తెలిసిపోయింది.

అమ్మమ్మ నన్ను దొడ్లోకి తీసుకెళ్ళింది. "ఏమైందో చెప్పు."

చెప్పాను.

"ఎవరి తాలూకా అని అడిగితే ఇంత చరిత్ర చెప్పాలా?"

"నిజమే కదా అమ్మమ్మా?"

"నిజమే. నిజం చెప్పి కొంప ముంచేవు. వచ్చే గురువారం నేనొస్తాను."

అమ్మమ్మ ఆదివారం బడిలో మాకు పాఠం చెప్పేది. అబద్ధమాడరాదు అన్న ఆజ్ఞ దగ్గర అందరికంటే గట్టిగా చదివించేది. అందుచేత ఆవిడ వచ్చి ఏం చేస్తుందో నాకు అంతు పట్టలేదు.

గురువారం వచ్చింది. డాక్టరుగారు పిన్ని చేత అక్కడే రెండు గ్లాసుల నీళ్ళు తాగించి పంపించారు. పార్కులోకి రాగానే వాచ్‌మేన్ గారు కనిపించేరు. పిన్ని చెంగు లాక్కుని, పొగడచెట్టుకి ఆనుకుని నిలబడింది. ఆయన అలవాటుగా అమ్మమ్మకి దణ్ణం పెట్టి, "మీరెవరి తాలూకండీ?" అన్నారు.

అమ్మమ్మ బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. "నా సంగతికేం గాని, నువ్వు చెప్పు నాయనా. మీ అమ్మ పుట్టిల్లు ఎక్కడ?"

"మా అమ్మదండీ..."

"వాడపల్లి కదూ?"

ఆయన ఆగిపోయేరు. అమ్మమ్మ మొహం వైపు చూశారు. చెట్టుకి ఆనుకున్న పిన్ని వైపు చూశారు. పిన్ని రెండు చేతులతో చెంగు పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, కళ్ళు మూసుకుని ఉంది. ఆయన తర్వాత ఆ తామరపువ్వు తలుపు వైపు చూశారు. ఒక పొగడపువ్వు రాలి నేల మీద పడేటంత సేపు.

"ఆయ్," అన్నారు. "వాడపల్లేనండి."

"ఆ ముక్కు చూడగానే అనుకున్నాను. నాదీ వాడపల్లే."

అమ్మమ్మ పుట్టిల్లు రాజోలు వైపు. నాకు తెలుసు. సవరించడానికి నోరు తెరిచాను. అమ్మమ్మ నా తొడ మీద ప్రేమగా చెయ్యి వేసింది. చెయ్యంటే చెయ్యి కాదు, రెండు గోళ్ళు.

"మీ అమ్మ నాకు చెల్లెలి వరస. నువ్వు నాకు కొడుకువి. ఇది నీకు చెల్లెలు," అంది పిన్నిని చూపించి.

"మరి తమ్ముడి వైపు నుంచి చూస్తే..."

"అది ఊరి వరస నాయనా. ఇది తల్లి వైపు. ఏది దగ్గర?"

"ఇదేనండి. ఇదే దగ్గరండి." ఆయన కండువా తీసి నడుముకి బిగించుకున్నారు. "అయితే ఇన్నాళ్ళూ చెల్లెమ్మని నిలబెట్టి మాట్లాడేనా నేను? కూర్చో అమ్మా, కూర్చో. నీళ్ళు పట్టి పిలుస్తాను."

తాళం తీశారు. గడ్డి మిషను బయటికొచ్చింది. కుర్చీలొచ్చేయి. ఒక కుర్చీలోంచి బల్లి వచ్చింది. బోరింగు దగ్గర నాలుగు బిందెలు కొట్టి, కడిగి, ఫినాయిలు జల్లి, నిండు బకెట్టు లోపల పెట్టి, పార్కు రెండో కొసకి వెళ్ళిపోయి, మావైపు వీపు పెట్టి, అక్కడ లేని మేకల్ని అదిలించడం మొదలుపెట్టారు.

పిన్ని లోపలికి వెళ్ళింది. అమ్మమ్మ కొబ్బరిచెట్టు మొవ్వు వైపు చూస్తూ ఏదో కీర్తన కూనిరాగం తీసింది. బయటికొచ్చినప్పుడు పిన్ని మొహం మీద ఉన్న వెలుగు నేను మళ్ళీ ఒక్కసారే చూశాను, బిడ్డని చేతికిచ్చినప్పుడు. ఆ రోజు పచ్చడి నాకు దక్కలేదు.

బస్సు కోసం కూర్చున్న మిగతా ఆడవాళ్ళు ఇదంతా చూస్తూనే ఉన్నారు. తర్వాతి గురువారం కొత్తపేట ఆవిడ ఒకామె జంకుతూ వాచ్‌మేన్ గారి దగ్గరికి వెళ్ళింది. ఎవరి తాలూకా అని అడుగుతారని ఎదురుచూశాను. ఆయన అడగలేదు. "ఏ ఊరమ్మా?" అన్నారు. "కొత్తపేటండి." "ఆయ్. మా అమ్మ పుట్టిల్లూ కొత్తపేటేనండి. రా చెల్లెమ్మా, బకెట్టు నిండుగా ఉంది."

ఆ పైవారం ఆయన అమ్మగారు రావులపాలెంలో పుట్టేరు. ఆ పైన రాజోల్లో. పెద్ద రైతుల ఇళ్ళ ఆడవాళ్ళిద్దరు వస్తే, వాళ్ళ ఊళ్ళోనూ పుట్టేరు. మామూలుగా ఊరి చివర మా పేటల మనిషి అలాంటివాళ్ళని చెల్లెమ్మా అంటే ఊరుకునే రోజులు కావు అవి. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, "అలాగా అన్నయ్యా," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తలుపు ముందు వాదించేంత తీరిక ఎవరికీ ఉండదు. గడ్డి మిషను మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. వానకి తుప్పు పట్టింది. ఎవరూ దాన్ని అడిగినట్టు లేదు.

పిన్నికి నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన పదో రోజున వాచ్‌మేన్ గారు మా ఊరొచ్చేరు. ఖాకీ చొక్కా లేకుండా ఆయన్ని గుర్తుపట్టడం కష్టమైంది. సంచిలోంచి పిల్లకి గౌను, పిన్నికి జాకెట్టు గుడ్డ తీసి తమలపాకుల్లో పెట్టి ఇచ్చి, "మేనమామని కదండీ, ఒట్టి చేతుల్తో రాకూడదు," అన్నారు. అమ్మమ్మ ఆయనకి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, "రా నాయనా," అంది. నవ్వుతారేమోనని ఇద్దరి వైపూ చూశాను. ఇద్దరూ నవ్వలేదు.

ఆ తర్వాత పిన్ని టౌనుకి వెళ్తే పార్కు వెనక వాచ్‌మేన్ గారి ఇంట్లోనే దిగేది. వాళ్ళమ్మగారు గుమ్మంలో కూర్చుని తాటాకు బుట్టలు అల్లుతూ ఉండేది. మొదటిసారి మమ్మల్ని చూసి, "మీరెవరమ్మా?" అంది. కొడుకు లోపల్నుంచి, "నీ అక్క కూతురు, మనవరాళ్ళే అమ్మా. వాడపల్లి అక్క," అని కేకేశారు. ముసలావిడ అల్లడం ఆపి, కొడుకు గొంతు వచ్చిన వైపు కాసేపు చూసింది. తర్వాత పిన్ని చంకలో పిల్లని అందుకుంటూ, "అక్క కులాసాగా ఉందా?" అంది. తర్వాత బాబాయికి టౌను బడికి బదిలీ కావడంతో పిల్ల ఆవిడ దగ్గరే ఎక్కువ పెరిగింది. దాని తలకి నూనె రాస్తూ ఆవిడ చెప్పే కబుర్లలో సముద్రం ఉండేది, ఉప్పు కొఠార్లుండేవి. వాడపల్లి ఎప్పుడూ రాలేదు.

నేను హైస్కూలు దాటే ఏడాది ఆ ముసలావిడ పోయింది. కబురు బస్సు కండక్టర్ల ద్వారా వెళ్ళింది. మా వైపు ఆడమనిషి పోతే చివరిసారి కప్పడానికి పుట్టింటివాళ్ళు చీర తేవాలి. ఆవిడ సొంత తమ్ముడు, సముద్రం వైపు నుంచి, ఒక చీర పట్టుకుని వచ్చేడు. వచ్చి గుమ్మంలో నిలబడిపోయేడు. అప్పటికే అక్క మీద కొత్తపేట చీర ఉంది. దాని మీద రావులపాలెం చీర. రాజోలువాళ్ళు వరసలో ఉన్నారు. మా పేటల్లోకి ఎన్నడూ అడుగు పెట్టి ఎరగని రైతుల ఇళ్ళ ఆడవాళ్ళిద్దరు చెప్పులు విడిచి, చేతిలో పొట్లంతో వాకిట్లో నిలబడ్డారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టలేక పుస్తకం మూసి పట్టుకున్నారు.

"వీళ్ళంతా ఎవర్రా?" అన్నాడు ఆ తమ్ముడు మేనల్లుడితో.

"పుట్టింటివాళ్ళే మావయ్యా," అన్నారు వాచ్‌మేన్ గారు. మీసం తడిగా ఉంది.

అమ్మమ్మ వాడపల్లి చీర కప్పింది. నీలం అంచుది. అంచు సర్దుతూ ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పావని దారిలో అడిగితే, "అక్కాచెల్లెళ్ళం, నీకెందుకు?" అంది.

పార్కు ఇప్పుడు లేదు. వాచ్‌మేన్ గారు, అమ్మమ్మ, పొగడచెట్లు, ఒకరి తర్వాత ఒకరుగా వెళ్ళిపోయేరు. ముసలావిడ పోయిన రోజు అక్కడ అందరం ఎంతో కొంత ఏడ్చాం గాని, ఊపిరి అందకుండా ఏడ్చింది మాత్రం పిన్ని కూతురు. చిన్నమ్మమ్మ ఇక లేవదని దానికి ఎవరు చెప్పినా వినలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని వదలలేదు. ఇప్పుడు దానికీ తల నెరుస్తోంది. మా చిన్నమ్మమ్మ అని ఇప్పటికీ పిల్లలకి చెప్తుంది. చుట్టరికం ఎలా కలిసిందో ఒకసారి చెబుదామని నాకూ పిన్నికీ చాలాసార్లు అనిపించింది. చెప్పలేదు. చెప్పవలసినంత అబద్ధం అందులో ఇంకేమీ మిగల్లేదు.